పిల్లలు చూస్తున్నారు అంటారు గానీ...

"పిల్లలు చూస్తున్నారు" అనే మాట మన ఇళ్లలో ఏయే సందర్భాల్లో వస్తుందో ఎప్పుడైనా గమనించారా? మొగుడూ పెళ్లాం సోఫాలో కాస్త దగ్గరగా కూర్చుంటే వస్తుంది. సినిమాలో హీరో హీరోయిన్ని దగ్గరకు తీసుకుంటే, రిమోట్ కోసం వెతుకుతూ వస్తుంది. ఉప్పు ఎక్కువైందని ఇంటాయన అన్నం కంచం విసిరికొట్టినప్పుడు మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు. అప్పటికి వేరే మాట ఉంది కదా: "పిల్లల మొహం చూసి సర్దుకుపో."

ఈ మధ్య మహిళల ప్రీమియర్ లీగ్ మ్యాచ్ చూస్తుంటే మా మేనకోడలికి ఒక సందేహం వచ్చింది. ముంబై జట్టులో ఆడే నాట్ సివర్-బ్రంట్‌కి రెండు ఇంటిపేర్లెందుకని. ఆమె ఇంగ్లండ్ జట్టులో తనతో కలిసి ఆడిన క్యాథరిన్ బ్రంట్‌ని 2022లో పెళ్లి చేసుకుందనీ, ఇద్దరూ రెండు ఇంటిపేర్లూ కలిపి పెట్టుకున్నారనీ చెప్పాను. పిల్ల "ఓహో" అని మళ్లీ స్కోరు చూసుకుంది. పక్కన కూర్చున్న మా దొడ్డమ్మే ఉలిక్కిపడింది. "చిన్నపిల్లతో చెప్పే మాటలేనా అవి! పిల్లలు చూసే ఆటల్లో కూడా ఇవేనా!" అంది. పెద్దావిడ, పైగా మా ఇంటికి వచ్చిన మనిషి. ఏమీ అనలేదు. అక్కడ మింగిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకంటే ఆ మాట మా దొడ్డమ్మది మాత్రమే కాదు. అమెరికా అంతా పెద్ద గొంతుతో అదే మాట అనుకున్న సంవత్సరం ఒకటుంది. 2014. ఆ ఏడాది జరిగినవి వరసగా చెబుతాను, వింటే ఆ మాట ఎంత బోలుదో మీకే తెలుస్తుంది.

వాళ్లు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు దిళ్లు కట్టుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ పడగొట్టే ఆట. ఎన్ఎఫ్ఎల్ అనే ఆ లీగ్‌లోకి కాలేజీ కుర్రాళ్లను తీసుకోవడానికి ఏటా డ్రాఫ్ట్ అని ఒకటి పెడతారు. మన ఐపీఎల్ వేలం లాంటిదే గానీ పాటలు పాడరు, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకుంటాయి. ఆ కుర్రాళ్ల ఇళ్లలో కెమెరాలు పెట్టి, ఫోన్ మోగగానే ఇంటిల్లిపాదీ ఎగిరి గంతులేయడం ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. తల్లిని కావిలించుకుంటారు, గర్ల్‌ఫ్రెండ్‌ని ముద్దు పెట్టుకుంటారు. అదంతా ఆ కార్యక్రమంలో భాగమే, జనం చూసేదే దానికోసం.

ఆ ఏడాది మే 10న, ఎంపిక దాదాపు పూర్తయ్యాక, 256 మందిలో 249వ వాడిగా మైకేల్ సామ్ అనే కుర్రాడిని సెయింట్ లూయిస్ జట్టు తీసుకుంది. మిస్సోరీ యూనివర్సిటీ తరఫున ఆడినవాడు. అంతకుముందు ఏడాదే తమ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా ఇంకొకరితో కలిసి ఎంపికయ్యాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. ముగ్గురు తోబుట్టువులు చనిపోయారు, ఇద్దరు అన్నలు జైలుపాలయ్యారు. అలాంటి ఇంట్లోంచి చదువుకుని, ఆడి, అక్కడిదాకా వచ్చాడు. తాను గే అని ఫిబ్రవరిలోనే నలుగురికీ చెప్పేశాడు. ఫోన్ వచ్చింది. అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. పక్కనే ఉన్న ప్రియుణ్ణి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. అంతకుముందు అందరు కుర్రాళ్లూ చేసిందే ఇతనూ చేశాడు. అవతలిమనిషి ఆడపిల్ల కాదు, అంతే.

మయామీ జట్టు ఆటగాడు ఒకడు అది చూసి ఘోరం అని ట్విట్టర్‌లో పెట్టాడు. జట్టువాళ్లు అతనికి జరిమానా వేసి కొన్నాళ్లు పక్కన కూర్చోబెట్టారు. సంతోషించినవాళ్లు లేకపోలేదు. దేశాధ్యక్షుడు ఒబామా అభినందించాడు, కొత్త ఆటగాళ్ల జెర్సీల అమ్మకాల్లో సామ్ జెర్సీ రెండో స్థానంలో నిలిచింది. కానీ అటుపక్కనుంచి వినిపించిన గోలంతా ఒకటే. ఇంట్లో పిల్లలతో కూర్చుని చూసే కార్యక్రమంలో ఇదేమిటి, మా పిల్లలు అడిగితే ఏం చెప్పుకోవాలి అని.

సరే, పిల్లల బాధ అంతగా ఉన్నవాళ్లే కదా. అదే లీగ్‌లో, అదే ఏడాది, ఇంకో ఆటగాడి సంగతి చూడండి.

బాల్టిమోర్ జట్టు ఆటగాడు రే రైస్, ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలో ఒక క్యాసినో లిఫ్ట్‌లో, తాను పెళ్లి చేసుకోబోయే అమ్మాయిని స్పృహ తప్పేలా కొట్టాడు. ఆమెను లిఫ్ట్‌లోంచి బయటికి ఈడుస్తున్న వీడియో నాలుగు రోజుల్లోనే బయటపడింది. దేశమంతా చూసింది. మార్చిలో వాళ్ల పెళ్లయింది. మే 23న, అంటే ఆ 'ఘోరమైన' ముద్దు జరిగిన పదమూడో రోజున, జట్టు ఆఫీసులో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి విలేఖరులతో మాట్లాడించారు. దెబ్బలు తిన్న ఆ పిల్ల, ఆ రాత్రి జరిగినదాంట్లో తన పాత్రకు తాను చింతిస్తున్నానని చెప్పింది. జట్టువాళ్లు ఆ మాటను పట్టుకుని తమ ట్విట్టర్‌లో పెట్టుకున్నారు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరూ ఆగండి. కొట్టించుకున్న మనిషి చేత "నా తప్పూ ఉంది" అనిపించడం ఎక్కడో అమెరికాలో మాత్రమే జరిగే పనా? మన పంచాయతీల్లో, మన పెద్దల ముందు, మన అక్కచెల్లెళ్లు తల వంచుకుని చెప్పిన మాట అది కాదా?

జులైలో లీగ్ అతనికి వేసిన శిక్ష రెండు మ్యాచ్‌లు ఆడకూడదని. ఆ శిక్ష పడిన నాలుగు రోజులకు సొంత స్టేడియంలో అభిమానుల ముందు ప్రాక్టీసుకు వస్తే, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ జనంలో పిల్లలుండరా? తండ్రుల భుజాల మీద, అతని పేరున్న జెర్సీలు వేసుకుని? "మా పిల్లలకేం చెప్పుకోవాలి" అన్న ప్రశ్న ఆ రోజు ఆ స్టేడియంలో ఎంతమందికి తోచి ఉంటుంది? సెప్టెంబరులో లిఫ్ట్ లోపలి వీడియో, దెబ్బ పడే క్షణంతో సహా, బయటికొచ్చాక గానీ జట్టు అతన్ని తీసేయలేదు. మొదటి వీడియోలో స్పృహ లేని ఆడమనిషి కనబడుతూనే ఉంది కదమ్మా. ఆమె తనంతట తానే పడిపోయిందనుకున్నారా?

ఇప్పుడు చెప్పండి. ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి ఏది అర్థం చేయించడం కష్టం? "ఆ అన్నకు ఉద్యోగం వచ్చింది, సంతోషం పట్టలేక తనకిష్టమైన మనిషికి ముద్దు పెట్టాడు" అని చెప్పడమా? "ఆయన ఆవిణ్ణి కొట్టాడు, ఆవిడ క్షమాపణ చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు" అని చెప్పడమా? మొదటిది పిల్లలకు అసలు చెప్పే పని కూడా ఉండదు. మా మేనకోడలి "ఓహో" లాగే అయిపోతుంది. రెండోది చెప్పడం నాకు ఈ వయసులో కూడా చేతకాదు.

"అది కాదమ్మా, మాకు ఎవరి ముద్దైనా ఇబ్బందే, మన పద్ధతి కాదది" అనేవాళ్లుంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. నేనూ ఆ పెంపకంలోనే పెరిగాను, నలుగురిలో మా ఆయన చెయ్యి పట్టుకుంటే ఇప్పటికీ చుట్టూ చూస్తాను. కానీ ఆ పద్ధతి అందరికీ ఒకేలా వర్తిస్తోందా? అదే 2014లో, నవంబరులో, మన ఉప్పల్ స్టేడియంలో శ్రీలంకతో మ్యాచ్ ఆడుతూ విరాట్ కోహ్లీ యాభై కొట్టి, గ్యాలరీలో కూర్చున్న అనుష్క వైపు గాల్లో ముద్దు విసిరాడు. అప్పటికి వాళ్లకు పెళ్లి కూడా కాలేదు. ఎవరింట్లోనైనా ఛానల్ మార్చారా? మర్నాడు పేపర్లో ఫోటో చూసి ముచ్చటపడ్డాం, జంట బాగుంది అనుకున్నాం. 1998 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు లారెంట్ బ్లాంక్ ప్రతి మ్యాచ్ ముందూ గోల్ కీపర్ బార్తేజ్ గుండు మీద ముద్దు పెట్టేవాడు. జట్టుకు అచ్చొచ్చిందని జనం మురిసిపోయారు, కప్పు కూడా గెలిచారు. మగవాళ్లు మగవాళ్లను కావిలించుకోవడం, ఎత్తుకోవడం, మీద పడి దొర్లడం ప్రతి ఆటలోనూ ఉన్నదే. ముద్దుకు అభ్యంతరం లేదు, మగవాడు మగవాడిని ముట్టుకోవడానికీ అభ్యంతరం లేదు. వాళ్లిద్దరూ నిజంగా ప్రేమించుకుంటున్నారని తెలిస్తేనే అభ్యంతరం. అంటే గొడవ ముద్దుతో కాదు, ప్రేమతో.

ఇక సంస్కృతి అంటారా, బి.ఏ.లో తెలుగు ప్రబంధాలు చదివినదాన్ని నేను. ఆ వర్ణనలొచ్చినచోట మా మాస్టారు "ఇవి మీరే చదువుకోండమ్మా" అని పేజీలు తిప్పేసేవారు. పాపం ఆయనకు చాలా పేజీలు తిప్పాల్సి వచ్చేది.

మన సంగతి అన్నాను కాబట్టి, తప్పించుకోలేని లెక్క ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భార్యను భర్త కొట్టడానికి ఏడు కారణాలు ఇచ్చి, వీటిలో దేనికైనా కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలను లెక్కచేయకపోవడం, ఇలాంటివి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆడవాళ్లే నూటికి దాదాపు 84 మంది ఏదో ఒకదానికి అవునన్నారు. ఆడవాళ్లే! ఆ స్టేడియంలో లేచి నిలబడ్డ జనాన్ని చూసి ముక్కున వేలేసుకునే హక్కు మనకెంతుంది? మనమూ ఆ గ్యాలరీలోనే ఉన్నాం. దెబ్బ మనకు అలవాటైన దృశ్యం, కంటికి గుచ్చుకోదు. మగవాడు ఇంకో మగవాడి కోసం కన్నీళ్లు పెట్టుకోవడం అలవాటు లేని దృశ్యం, అందుకని గుచ్చుకుంటుంది. గుచ్చుకుంది కాబట్టి తప్పే అయ్యుంటుందని తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు మనదని చెప్పుకోవడానికి మొహమాటమేసి పిల్లల పేరు చెబుతాం.

ఆడ ఆటగాళ్ల విషయంలో లోకం కొంచెం మెత్తబడ్డట్టు కనబడుతుంది. 2015లో అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు వాంకూవర్‌లో జపాన్ మీద 5-2తో ప్రపంచ కప్ గెలిచాక, యాబీ వాంబాక్ గ్యాలరీ దగ్గరకు పరుగెత్తి, అడ్డుకమ్మీ మీదుగా తన భార్యను ముద్దు పెట్టుకుంది. ఆ ఫోటోను చాలామంది ప్రేమగానే చూశారు. నాకు మాత్రం ఇదంతా పూర్తిగా మెచ్చుకోవాల్సిన మార్పుగా అనిపించదు. ఆటలాడే ఆడవాళ్లంటే ఎలాగూ 'మగరాయుళ్లు' అని ముందే ఒక పక్కన పెట్టేసిన లోకం, వాళ్లేం చేసినా పెద్దగా పట్టించుకోలేదేమో. పట్టించుకోకపోవడమూ ఆమోదించడమూ ఒకటి కాదు కదా.

అనుమానముంటే 2023 చూడండి. సిడ్నీలో స్పెయిన్ అమ్మాయిలు కప్పు గెలిచారు. పతకాలిచ్చే వేదిక మీద వాళ్ల ఫెడరేషన్ అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్, జెన్నీ ఎర్మోసో తలను రెండు చేతులతో పట్టుకుని పెదవుల మీద ముద్దు పెట్టాడు. అంతకు కాసేపటి ముందు ఇదే పెద్దమనిషి వి.ఐ.పి. గ్యాలరీలో పదహారేళ్ల రాకుమారికి దగ్గర్లో నిలబడి అసభ్యంగా సైగ చేసుకున్నాడు. తనకిష్టం లేకుండా జరిగిందని ఆ అమ్మాయి చెప్పింది. కొన్నాళ్లకు ఫెడరేషన్ సమావేశంలో అతను "రాజీనామా చేయను" అని మళ్లీ మళ్లీ అరిస్తే, ఆ హాల్లోవాళ్లు, ఆ అమ్మాయిల కోచ్‌తో సహా, చప్పట్లు కొట్టారు. మళ్లీ చప్పట్లే. ఆఖరికి 2025 ఫిబ్రవరిలో కోర్టు అది లైంగిక దాడేనని తేల్చి 10,800 యూరోల జరిమానా వేసింది. కోర్టు చెప్పేదాకా కూడా, సంబరంలో ఏదో చేశాడు, దానికింత రాద్ధాంతమా అన్నవాళ్లు చాలామందే. ఇద్దరికీ ఇష్టమైన ముద్దుకు పిల్లలు చెడిపోతారు, ఒకరికి ఇష్టం లేని ముద్దు మాత్రం సంబరం. ఆడపిల్లల తల్లులం, ఇందులో మనం ఎటువైపు నిలబడాలో ఇంకొకరు చెప్పాలా?

మన ఇంటి గడపలోకే వద్దాం. దుతీ చంద్ ఒడిశాలో ఒక పల్లెటూళ్లో చేనేత కుటుంబంలో పుట్టింది. పరుగు నేర్చుకుని పదును పెట్టుకుంది మన హైదరాబాద్‌లో, నాగపురి రమేశ్ గారి దగ్గర. 2018 ఆసియా క్రీడల్లో 100 మీటర్లలో, 200 మీటర్లలో రెండు వెండి పతకాలు తెచ్చింది. ఆ సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఇలాంటి ప్రేమ నేరం కాదని చెప్పింది. ఆ ధైర్యంతో 2019 మేలో ఆమె, మా ఊరి అమ్మాయితో నేను కలిసి బతకాలనుకుంటున్నాను అని చెప్పింది. మన దేశంలో ఆమె స్థాయి క్రీడాకారులెవరూ అంతవరకూ అంత బాహాటంగా చెప్పలేదు. ముద్దూ లేదు, ఫోటో కూడా లేదు, ఒక్క మాట. ఇంట్లోంచే బెదిరింపులొచ్చాయని ఆమే చెప్పింది. తల్లి ఒప్పుకోలేదు.

ఆ తల్లిని తప్పుపట్టి కూర్చోవడం నాకిష్టం లేదు. రేపు ఊళ్లో మొహమెలా చూపించాలన్న భయం ఎలా ఉంటుందో మనకు తెలియనిదా? కానీ ఆ ఊరి మొహాలు ఎవరివి? మనలాంటివాళ్లవే. ఆ వార్త వచ్చినప్పుడు మా చుట్టాల గ్రూపులో ఒకావిడ, "అందుకే ఆడపిల్లల్ని స్పోర్ట్స్ హాస్టళ్లలో వేయకూడదు" అని రాసింది. కింద పదకొండు చప్పట్ల బొమ్మలు. ఆ గ్రూపులో ఉన్న తల్లుల్లో ఇద్దరి కూతుళ్లు బాగా పరుగెత్తేవాళ్లు. ఒకమ్మాయి జిల్లా స్థాయిలో బహుమతి తెచ్చుకుంది కూడా. ఆ ఏడాదే మాన్పించేశారు. కారణం చదువు అన్నారు.

ఇలాంటి పిల్లలు మన ఇళ్లలో ఉండరనుకోకండి. టీవీ ముందు మన పక్కనే కూర్చుని, మనం "ఛీ" అన్నప్పుడు ఏమీ అనకుండా లేచి గదిలోకి వెళ్లిపోయిన పదిహేనేళ్ల పిల్లో పిల్లవాడో ఎవరో మనకు తెలియకపోవచ్చు. ఆ 'ఛీ' మాత్రం వాళ్లకు గుర్తుంటుంది. రేపు ఏదైనా కష్టమొస్తే చెప్పుకోవడానికి ఆ పిల్ల ఎక్కడికి వెళుతుంది? మన దగ్గరకు మాత్రం రాదు. దొడ్డమ్మ మాటకు నాకంత కోపమెందుకొచ్చిందంటే ఇందుకే.

మైకేల్ సామ్ ఏమయ్యాడని అడుగుతారేమో. సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌ల్లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను మూడుసార్లు పడగొట్టాడు. అయినా ఆగస్టు 30న జట్టులోంచి తీసేశారు. ఆట పరంగా తీసుకున్న నిర్ణయమే అన్నారు. డల్లాస్ జట్టు కొన్నాళ్లు ప్రాక్టీసుకు పెట్టుకుని పంపేసింది. మరుసటి ఏడాది కెనడా వెళ్లి మాంట్రియాల్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడాడు, తర్వాత మనసు బాగోలేదని చెప్పి ఆట మానేశాడు. ఎన్ఎఫ్ఎల్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా అతని పేరు ఎత్తితే జనానికి గుర్తొచ్చేది ఆ ముద్దే.

దుతీ మాత్రం ఆగలేదు. ఊరూ వాడా నోళ్లు నొక్కుకున్న రెండు నెలలకే, 2019 జులైలో, ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచింది. ఆ పోటీల్లో ఆ పరుగులో మన దేశానికి అదే మొదటి బంగారం. మా గ్రూపులో మే నెల వార్త నాలుగుసార్లు తిరిగింది. ఈ వీడియో ఒక్కరూ పంపలేదు. నిన్న రాత్రి వెతికి నేను పంపాను. పొద్దున్నకు ఇరవై ముగ్గురు చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, ఎవరూ ఏమీ రాయలేదు. మాన్పించేసిన ఆ అమ్మాయి మాత్రం, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది, నాకు విడిగా మెసేజ్ పెట్టింది: "పిన్నీ, స్టార్ట్ చూశావా, ఎంత బాగా తీసుకుందో!"